ఆటగాడి పేరున ఏం రాసిస్తున్నారు?

డేరాలో బనియాస్ రోడ్డు మీద దుబాయ్ ల్యాండ్ డిపార్ట్‌మెంట్ ఆఫీసు ఉంది. 2025 మేలో ఆ శాఖ 'ప్రిప్కో మింట్' అనే వేదికతో కలిసి ఫ్లాట్లను టోకెన్లుగా విడగొట్టి అమ్మడం మొదలుపెట్టింది. ఎమిరేట్స్ ఐడీ, చేతిలో 2,000 దిర్హాములు ఉంటే ఒక ఫ్లాటులో చిన్న వాటా కొనుక్కోవచ్చు. ఆ వాటా ఎక్స్‌ఆర్‌పీ లెడ్జర్ అనే బ్లాక్‌చెయిన్ మీద నమోదవుతుంది. 2033 నాటికి ఇలాంటి కొనుగోళ్లు 6,000 కోట్ల దిర్హాములకు చేరతాయని శాఖ అంచనా.

అదే డేరాలో, నాయిఫ్ నుంచి హోర్ అల్ అంజ్ దాకా ఉన్న షేరింగ్ రూముల్లో, డ్యూటీ దిగి వచ్చి ల్యాప్‌టాప్ తెరిచే మన కుర్రాళ్లలో కొందరికి ఇంకో ఆలోచన ఉంది: బ్లాక్‌చెయిన్ మీద ఒక ఆట చేద్దాం, ఆటగాడు కొన్న కత్తి, గుర్రం, కోట అతని సొంతం అవుతాయి, కావాలంటే అమ్ముకుంటాడు. ఒకరు బ్యాంకు ప్రాజెక్టులో జావా రాస్తుంటారు, ఇంకొకరు మొబైల్ షాపులో పనిచేస్తూ యూనిటీ నేర్చుకుంటుంటారు. ఆలోచన మంచిదే, చేయదగిన పనే. కానీ కోడ్ రాయడానికి ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. మీరు ఆటగాడి పేరున రాసిచ్చేది, మీరు దుకాణం కట్టేశాక కూడా అతనికి పనికొస్తుందా?

ల్యాండ్ డిపార్ట్‌మెంట్ టోకెన్ వెనక నిలబడి ఉన్న ఫ్లాటు ఉంది, దాని వెనక ప్రభుత్వ రిజిస్టర్ ఉంది, తగవొస్తే కోర్టు ఉంది. ఆటలో కత్తి వెనక ఉండేది మీ సర్వర్ ఒక్కటే. దాని బిల్లు కట్టడం మానేసిన రోజు ఆటగాడి వాలెట్‌లో ఒక నంబరు, ఒక బొమ్మ లింకు మిగులుతాయి. గోల్డ్ సూక్‌లో కొన్న గాజును, అమ్మిన షాపు మూతపడ్డాక కూడా, కరీంనగర్‌లో తూకం వేసి డబ్బిస్తారు. ఆటలోని కత్తికి ఆ తూకం లేదు. దానికి విలువ ఇచ్చేది ఆట, ఆ ఆటను ఇంకా ఆడుతున్న మనుషులు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. యానిమోకా బ్రాండ్స్ ఫార్ములా వన్ లైసెన్సు తీసుకుని 'ఎఫ్1 డెల్టా టైమ్' అనే ఆట చేసింది. 2019 మేలో అందులోని '1-1-1' అనే కారును వేలం వేస్తే 415.9 ఈథర్ పలికింది, అప్పటి ధరలో లక్ష డాలర్ల పైమాటే. లైసెన్సు కొనసాగలేదు. 2022 మార్చిలో ఆట ఆగిపోయింది. కొన్నవాళ్ల టోకెన్లను ఎవరూ లాక్కోలేదు, వాటిని నడిపే ట్రాకే లేకుండా పోయింది. కంపెనీ తన వేరే ఆటల్లో వాడుకునేందుకు బదులు వస్తువులు ఇస్తానంది. అంత పెద్ద సంస్థ కాబట్టి ఇవ్వగలిగింది. రూములో కూర్చుని ఆట చేసే ముగ్గురు ఏమివ్వగలరు? అందుకే, సినిమా హీరో బొమ్మతోనో, హిట్ సినిమా పేరుతోనో టోకెన్లు అమ్ముదామనే ఆలోచన ఉంటే మొదటే పక్కన పెట్టండి. లైసెన్సు లేకపోతే అది నేరుగా చిక్కు. లైసెన్సు దొరికినా దానికి గడువుంటుంది, ఆటగాడికి మీరిచ్చిన సొంతం అనే మాటకు గడువు లేదు.

రెండో కథ యాక్సీ ఇన్ఫినిటీది. అల్ రిగ్గా వైపు ఫిలిప్పీన్స్ మిత్రులు ఎవరైనా ఉంటే అడగండి, వాళ్లకు బాగా తెలిసిన కథ. వియత్నాం కంపెనీ స్కై మావిస్ 2018లో మొదలుపెట్టిన ఈ ఆట, కోవిడ్‌లో ఉపాధి పోయిన ఫిలిప్పీన్స్ జనానికి 2021లో ఒక సంపాదన దారి అయింది. అప్పట్లో ఆడాలంటే యాక్సీ అనే మూడు బొమ్మ జంతువులు కొనాల్సి వచ్చేది. కొనలేనివాళ్లకు కొందరు వాటిని అద్దెకిచ్చి, వచ్చిన దాంట్లో వాటా తీసుకునేవారు. దానికి 'స్కాలర్‌షిప్' అని పేరు. గెలిస్తే ఎస్‌ఎల్‌పీ అనే నాణెం వచ్చేది. 2021 జూలైలో దాని ధర 35 సెంట్లు దాటింది. ఏడాది తిరిగేసరికి ఒక సెంటు కూడా పలకలేదు.

ఎందుకు పడిపోయిందో ఆట తయారుచేసేవాళ్లు లోతుగా చూడాలి. ఎస్‌ఎల్‌పీకి పైహద్దు లేదు, ఎంతమంది ఎంత ఆడితే అంత పుట్టుకొచ్చేది. దాన్ని ఖర్చుపెట్టే ముఖ్యమైన దారి మాత్రం ఒక్కటే: రెండు యాక్సీలను కలిపి కొత్త యాక్సీని పుట్టించడం. కొత్త యాక్సీని కొనాల్సింది కొత్తగా ఆటలోకి వచ్చేవాడు. అంటే పాతవాళ్ల సంపాదన కొత్తవాళ్ల రాక మీద నిలబడింది. రాక తగ్గగానే, అమ్మేవాళ్లే గాని కొనేవాళ్లు లేని సంతగా మారింది. ఆటను ఆటగా ఇష్టపడి డబ్బు ఖర్చుపెట్టేవాళ్లు తక్కువ, అందులోంచి డబ్బు తీసుకుందామని వచ్చినవాళ్లు ఎక్కువ. ఈ లెక్క మారకుండా నాణేన్ని ఎన్నిరకాలుగా సవరించినా ఫలితం ఉండదు. బ్లాక్‌చెయిన్‌తో సంబంధం లేని డయాబ్లో-3 ఆటలోనూ ఇలాంటి పాఠమే ఉంది. 2012లో బ్లిజార్డ్ అందులో నిజమైన డబ్బుతో వస్తువులు కొనుక్కునే వేలంశాల పెట్టింది. రాక్షసుల్ని చంపి ఆయుధం సంపాదించడమే ఆ ఆటకు ప్రాణం. అదే ఆయుధం అంగట్లో దొరుకుతుంటే ఆడేదెందుకు? 2014 మార్చి 18న సంస్థే దాన్ని మూసేసింది.

కాబట్టి నా మొదటి సలహా సూటిగా చెబుతాను: మీ మొదటి ఆటకు నాణెం పెట్టకండి. ఆటగాడికి సొంతంగా ఇచ్చేది వస్తువు మాత్రమే కావాలి. ఆ వస్తువు కూడా ఆటలో బలం ఇవ్వకూడదు, అందం ఇవ్వాలి. డబ్బు పెట్టి కొన్న పులికి ఎక్కువ బలం ఉంటే, డబ్బు పెట్టనివాడు రెండో రోజు రాడు. అతను రాకపోతే కొన్నవాడికి జత దొరకదు.

పులి అన్నాను కదా, అక్కడి నుంచే ఒక ప్రతిపాదన చేస్తాను. పులి–మేక ఆట తీసుకోండి. మన ఊళ్లలో అరుగుల మీద గీతలు గీసుకుని ఆడిందే. నియమాలు కొత్తగా కనిపెట్టక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇద్దరు చాలు. పాచికలు లేవు కాబట్టి అదృష్టం గొడవ లేదు. అన్నిటికంటే పెద్ద సౌకర్యం, మొత్తం ఆట ఒక్క వెబ్ పేజీలో ఇమిడిపోతుంది. ఆ పేజీ కోడ్‌ను అందరికీ తెరిచి పెడితే, మీరు ఉన్నా లేకపోయినా, సర్వర్ ఉన్నా లేకపోయినా, ఒకే ఫోను మీద ఇద్దరు కూర్చుని ఆడుకోవచ్చు. ఆటగాడు కొన్న పులి బొమ్మ ఆ పేజీలో కనిపిస్తూనే ఉంటుంది. సొంతం అనే మాటను మీరు నిలబెట్టుకోగలిగేది ఇలాంటి చిన్న ఆటలోనే. పెద్ద పటం, వెయ్యిమంది ఒకేసారి ఆడే యుద్ధం, భూముల అమ్మకం ఇవన్నీ సర్వర్ ఆగితే పోయేవే.

పులుల, మేకల రూపాలు కొండపల్లి బొమ్మల తరహాలో ఉంటే బాగుంటుంది. తెల్ల పొణికి చెక్కతో చేసే ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది, కాబట్టి మీరే ఏదో గీసి 'కొండపల్లి' అని పేరు పెట్టి అమ్మకూడదు. కొండపల్లి కళాకారుడితో మాట్లాడుకోండి. అతను చేసిన బొమ్మనే ఫోటోలు తీసి త్రీడీ రూపంగా మార్చుకోండి. ఇక్కడ చాలామంది ఒక భ్రమలో ఉంటారు: బ్లాక్‌చెయిన్ మీద ప్రతి మారు అమ్మకానికీ కళాకారుడికి రాయల్టీ దానంతట అదే వెళ్తుందని. అలా జరగదు. ఈఆర్‌సీ-2981 అనే ప్రమాణం రాయల్టీ ఎంతో చెబుతుంది, వసూలు మాత్రం చేయదు. పెద్ద మార్కెట్ అయిన ఓపెన్‌సీ 2023 ఆగస్టులో రాయల్టీని అమలు చేయించే పద్ధతిని వదిలేసి, ఇవ్వడం ఇవ్వకపోవడం అమ్మేవాడి ఇష్టానికి విడిచిపెట్టింది. అందుకే కళాకారుడికి బొమ్మ తీసుకున్నప్పుడే డబ్బు ఇవ్వండి, మొదటి అమ్మకంలో వాటా ఎంతో తెలుగులో కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత రాయల్టీ వస్తే అదనం.

మొదటి పని ల్యాప్‌టాప్‌తో కాదు. అట్టముక్క మీద గీతలు గీసి, సెలవు రోజున రూమ్మేట్లతో ఆడించండి. ఆట ఎంతసేపు నడుస్తోంది, ఎక్కడ విసుగొస్తోంది, ఎప్పుడూ పులే గెలుస్తోందా, అన్నీ నోట్‌బుక్‌లో రాయండి. తర్వాత ఫోనులో ఆడే రూపం చేసి, టోకెన్ మాటెత్తకుండా స్నేహితులకు పంపండి. మూడో వారంలో ఎవరైనా తమంతట తామే "అన్నా, ఒక ఆట వేద్దామా?" అని మెసేజ్ పెడితే ముందుకు వెళ్లవచ్చు. మీరు గుర్తుచేస్తే తప్ప ఎవరూ తెరవకపోతే, బ్లాక్‌చెయిన్ కలిపినా ఆ ఆటకు ప్రాణం రాదు. అప్పుడు ఆటను మార్చుకోవాలి. ఈ దశకు ఎన్ని నెలలు పట్టినా తొందరపడకండి, దీనికి పెద్దగా ఖర్చేమీ లేదు.

ఇక సాంకేతిక విషయం. చెయిన్ మీద పెట్టాల్సింది ఒక్క సంగతి: ఏ వస్తువు ఎవరిది. ఎత్తులు, గెలుపోటములు, చాటింగ్ బయటే ఉండాలి. 2017 నవంబరులో వచ్చిన క్రిప్టోకిట్టీస్ ఆటలో పిల్లిని కొన్నా, కొత్త పిల్లిని పుట్టించినా ప్రతిదీ ఇథీరియం మీదే జరిగింది. డిసెంబరుకల్లా ఆ నెట్‌వర్కే కిక్కిరిసి నెమ్మదించింది. ఇప్పుడు పరిస్థితి చాలా మెరుగు. 2024 మార్చి నాటి డెన్‌కున్ మార్పు తర్వాత ఇథీరియం మీద ఆధారపడే రెండో పొర నెట్‌వర్కుల్లో ఫీజులు బాగా తగ్గాయి. పాలిగాన్ లాంటివి మొదటి నుంచీ చవకే. ప్రతి వస్తువూ ప్రత్యేకం అయితే ఈఆర్‌సీ-721, ఒకే రకం వస్తువులు చాలా ఉంటే ఈఆర్‌సీ-1155 ప్రమాణం వాడతారు. ఒకేలాంటి మేకలు మందగా ఉండే మన ఆటకు రెండోది సరిపోతుంది. టోకెన్లను నడిపే స్మార్ట్ కాంట్రాక్టు కోడ్ మొదటి అక్షరం నుంచి మీరే రాయాలని పట్టుపట్టకండి. చాలామంది కళ్లు పడి నలిగిన ఓపెన్‌జెప్పెలిన్ కోడ్ తీసుకుని, వీలైనంత తక్కువ మార్చండి. అమాయ్, సెపోలియా లాంటి టెస్ట్‌నెట్ మీద నెలల తరబడి నడిపాకే అసలు చెయిన్ మీదికి వెళ్లండి. బొమ్మ ఫైళ్లను ఐపీఎఫ్ఎస్ అనే ఉమ్మడి నిల్వలో పెడితే శాశ్వతం అనుకుంటారు. ఎవరో ఒకరు పిన్ చేసి ఉంచితేనే అవి నిలుస్తాయి, ఆ ఖర్చు ఎవరిదో ముందే లెక్క వేసుకోండి.

కాంట్రాక్టులో ఇంకో చోట ఆగి ఆలోచించాలి. తప్పు దొర్లితే సరిదిద్దుకుందామని కాంట్రాక్టును తర్వాత మార్చగలిగే తాళం మీ దగ్గర ఉంచుకుంటారు. అమ్మకాలు ఆపే మీట, కొత్త వస్తువులు ఎన్నయినా పుట్టించే మీట కూడా ఉంటాయి. ఈ తాళాలు మీ చేతిలో ఉన్నంతకాలం ఆటగాడి సొంతం మీ మంచితనం మీద ఆధారపడినట్టే. వస్తువుల గరిష్ఠ సంఖ్యను కోడ్‌లోనే బిగించేయండి. మిగతా తాళాలు ఏవి ఉన్నాయో, ఎవరి దగ్గర ఉన్నాయో, ఎప్పుడు వదులుకుంటారో అమ్మకపు పేజీలోనే మామూలు తెలుగులో రాయండి. జగిత్యాలలో ఆడే కుర్రాడికి చదివితే అర్థం కావాలి.

యాప్ స్టోర్ల సంగతి క్లుప్తంగా. స్టీమ్ 2021 అక్టోబరులోనే ఎన్‌ఎఫ్‌టీలు, అంటే ఇలాంటి వస్తువుల టోకెన్లు, చేతులు మారే ఆటల్ని వద్దంది. ఆపిల్ 2022లో, వాటిని యాప్‌లో అమ్మవచ్చు గాని వాటిని కలిగి ఉన్నందుకు కొత్త సౌకర్యాలు తెరుచుకోకూడదంది. గూగుల్ 2023లో అనుమతిస్తూనే, ఆడి సంపాదించవచ్చని ఊరించకూడదంది. మొదట బ్రౌజర్‌లో విడుదల చేయడమే మేలు.

ఇప్పుడు ఉద్యోగం మాట. మీరు ఇక్కడ ఉన్నది కంపెనీ వీసా మీద. 2022 ఫిబ్రవరి నుంచి అమలవుతున్న కార్మిక చట్టం, అంటే 2021 నాటి 33వ ఫెడరల్ డిక్రీ-లా ప్రకారం, పర్మిట్ లేకుండా ఇంకొకరి దగ్గర పనిచేయడం కుదరదు. సరదాగా నేర్చుకోవడం వేరు, ఆట అమ్మి డబ్బు తీసుకోవడం వేరు. అమ్మే దశ వస్తే ఫ్రీలాన్స్ పర్మిట్ గానీ, ఫ్రీజోన్ లైసెన్సు గానీ చూసుకోవాలి. కంపెనీ వీసా మీద ఉన్నవాళ్లను ఫ్రీలాన్స్ పర్మిట్‌కు ఎన్‌వోసీ అడుగుతారు. టైపింగ్ సెంటర్‌లో ఫారం నింపించుకునే ముందు మీ ఉద్యోగ ఒప్పందం తీసి మెల్లగా చదవండి. మీరు తయారుచేసేదంతా కంపెనీదే అనే షరతు ఉందా? పోటీ పని చేయకూడదనే షరతు ఉందా? అలాంటి షరతు ఉద్యోగం మానేశాక కూడా గరిష్ఠంగా 2 ఏళ్లు వెంటాడవచ్చు. కంపెనీ ల్యాప్‌టాప్, కంపెనీ మెయిల్, కంపెనీ క్లౌడ్ ఖాతా, వీటిలో ఏ ఒక్కదాన్నీ మీ ఆట తాకకూడదు. రేపు ఆట బాగా నడిస్తే తగవు మొదలయ్యేది అక్కడే.

దుబాయ్‌లో వర్చువల్ ఆస్తుల మీద అధికారం వారా అనే సంస్థది. 2022 నాటి 4వ చట్టంతో ఏర్పడింది. డీఐఎఫ్‌సీ తప్ప ఎమిరేట్ అంతా, ఫ్రీజోన్లతో సహా, దాని పరిధే. నాణెం విడుదల చేయడం, జనం టోకెన్లు మార్చుకునే మార్కెట్ నడపడం, వాటికి ప్రచారం చేయడం అన్నీ దాని నిబంధనల కిందికి వస్తాయి. మీ ఆటలో మీరే సొంత బజారు పెట్టి కమిషన్ తీసుకుందామని ఉంటే, ఆ ఆలోచనను వారా నిబంధనలు తెలిసిన లాయరుకు చూపించకుండా ఒక్క అడుగూ వేయకండి. వాట్సాప్ గ్రూపులో "ఇప్పుడు కొంటే రేపు ధర పెరుగుతుంది" అని రాయడం కూడా ప్రచారమే. నాణెం వద్దన్నదానికి ఇదీ ఒక కారణం.

మీ ఆటగాళ్లలో సగంమంది ఇండియాలో ఉంటారు కదా, అక్కడి చట్టం దుబాయ్‌లో కూర్చున్నా మీకు తగులుతుంది. 2025 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు ఆటల్ని నిషేధించింది. డబ్బుతో కొన్న టోకెన్లు, నాణేలు కూడా పందెం కిందికే వస్తాయని అందులోనే రాసి ఉంది. విదేశం నుంచి నడిపినా వర్తిస్తుంది. అలాంటి ఆట అందించినవాళ్లకు 3 ఏళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందేలను అప్పటికే ఆపేశాయి. కాబట్టి సంక్రాంతికి టోర్నమెంట్ పెట్టి, ఎంట్రీకి ఒక టోకెన్ తీసుకుని, గెలిచినవాడికి కుప్ప మొత్తం ఇద్దామనే సరదా అస్సలు వద్దు. దానికి తోడు 2022 నుంచి ఇండియాలో వర్చువల్ ఆస్తి అమ్మిన లాభం మీద 30 శాతం పన్ను, అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ ఉన్నాయి. ఒక దాంట్లో నష్టం వస్తే ఇంకో దాని లాభంలోంచి తీసేసుకోనివ్వరు. ఈ సంగతి ఆటగాడికి మీరే చెప్పాలి.

తాళాల భద్రత గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. 2022 మార్చి 23న యాక్సీ ఆట నడిచే రోనిన్ నెట్‌వర్కు బ్రిడ్జి నుంచి 1,73,600 ఈథర్, 2.55 కోట్ల యూఎస్‌డీసీ డాలర్ నాణేలు దొంగలెత్తుకుపోయారు. తొమ్మిది తాళాల్లో ఐదు ఉంటే డబ్బు కదులుతుంది, ఆ ఐదూ వాళ్ల చేతికి చిక్కాయి. ఆరు రోజుల దాకా కంపెనీకే తెలియలేదు. ఉత్తర కొరియాకు చెందిన లాజరస్ ముఠా పని అని ఎఫ్‌బీఐ చెప్పింది. లోపలికి దారి ఎలా దొరికిందన్నది డేరాలో ఉద్యోగం వెతుక్కునే ప్రతి ప్రోగ్రామరూ గుర్తుపెట్టుకోవాలి: ఒక ఇంజనీరుకు మంచి జీతంతో దొంగ ఉద్యోగ ఆఫర్ పంపారు, అతను ఆ ఫైలు తెరిచాడు, అని తర్వాత వార్తలు వచ్చాయి. ఇప్పుడు ఇదే మోసం ఇంటర్వ్యూ రూపంలో నడుస్తోంది. లింక్డ్‌ఇన్‌లో పరిచయం చేసుకుని, "చిన్న కోడింగ్ టెస్టు, ఈ ప్రాజెక్టు దింపుకుని రన్ చేయండి" అంటారు. రన్ చేస్తే మీ వాలెట్ ఖాళీ. అపరిచితుల కోడ్‌ను మీ తాళాలున్న ల్యాప్‌టాప్‌లో ఎన్నడూ నడపకండి. కాంట్రాక్టు తాళాన్ని హార్డ్‌వేర్ వాలెట్‌లో పెట్టండి. కనీసం ముగ్గురిలో ఇద్దరు సంతకం చేస్తేనే కదిలేలా మల్టీసిగ్ పెట్టుకోండి. రికవరీ పదాలను ఫోటో తీసుకోవడం, బెడ్ స్పేస్‌లో దిండు కింద దాచుకోవడం రెండూ ప్రమాదమే. ఒక ప్రతి ఊళ్లో ఇంటి లాకర్‌లో ఉండనివ్వండి.

డబ్బు విషయంలో నా మాట కఠినంగా అనిపించవచ్చు. ప్రతి నెలా ఇంటికి పంపే మొత్తాన్ని ఈ ఆట కోసం ముట్టుకోకండి. రూమ్మేట్ల దగ్గర, ఊరివాళ్ల దగ్గర 'ముందే కొనుక్కోండి' అని టోకెన్ల పేరుతో డబ్బు పోగుచేయకండి. చట్టం సంగతి అలా ఉంచినా, అప్పుచేసి వీసా మీద వచ్చినవాడి చేతిలోని 500 దిర్హాములు మీ ప్రయోగానికి పెట్టుబడి కాకూడదు.

ఆట పెద్దగా నడవకపోయినా మీరు చేసిన పని వృథా పోదు. 2033 నాటికి గేమింగ్‌లో 30,000 ఉద్యోగాలు కల్పిస్తామని దుబాయ్ 2023 నవంబరులో ఒక కార్యక్రమం ప్రకటించింది. అందులో మీకు ఒకటి దొరకాలంటే, ఇంటర్వ్యూలో 'నాకు బ్లాక్‌చెయిన్ తెలుసు' అని చెప్పడం కంటే మూడు వస్తువులు చూపించడం మేలు. ఒకటి, నడుస్తున్న చిన్న ఆట. రెండు, కాంట్రాక్టుకు మీరు రాసిన టెస్టులు, ముఖ్యంగా దాన్ని పగలగొట్టడానికి మీరే చేసిన ప్రయత్నాలు. మూడు, అట్టముక్క రోజుల నుంచి రాసిన ఆ నోట్‌బుక్: ఎవరు ఎక్కడ ఆగారు, మీరు ఏం మార్చారు, తర్వాత ఏమైంది. కోడ్ రాసేవాళ్లు దొరుకుతారు గాని, ఆటగాణ్ణి ఓపికగా గమనించేవాళ్లు అరుదు.

అమ్మకం మొదలుపెట్టే ముందు ఇంకో కాగితం రాయాలి, మూసివేత ఒప్పందం. ఆట ఆపేయాల్సి వస్తే ఎన్ని నెలల ముందు చెబుతారు, కోడ్ ఎక్కడ అందరికీ దొరుకుతుంది, బొమ్మల ఫైళ్లను ఎన్నేళ్లు పిన్ చేసి ఉంచుతారు, దానికి పక్కన పెట్టిన డబ్బెంత, మల్టీసిగ్‌లో ఉన్న ముగ్గురిలో ఒకరు వీసా రద్దై ఊరికి వెళ్లిపోతే ఆ చోటులోకి ఎవరొస్తారు. ఇవన్నీ ఒక పేజీలో రాసి, కొనే బటన్‌కు పైనే పెట్టండి. ఆ పేజీ రాయడానికి చెయ్యి రాకపోతే టోకెన్లు వదిలేసి, పులి–మేకను మామూలు ఆటగా విడుదల చేయండి. ఆడేవాళ్లు ఆడతారు, మీకు పనీ వస్తుంది.